తువ్వాలు కింద రెండో చెయ్యి

ఎద్దుల సంతలో దళారికి పనిముట్లు రెండే. ఒకటి భుజం మీది తువ్వాలు, రెండోది కుడిచెయ్యి. బేరం ఆడేటప్పుడు అమ్మేవాడి చేతిని మన చేతిలోకి తీసుకుని పైన తువ్వాలు కప్పుతాం. ఒక వేలు పట్టుకుంటే పది వేల రూపాయలు, నాలుగు పట్టుకుంటే నలభై, కణుపు నొక్కితే అయిదు, పిడికిలి ముడిస్తే ‘లేదు’ అని. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. నోటితో ఎంత అబద్ధమైనా ఆడవచ్చు, ముసలి ఎద్దును కోడెదూడ అని పొగడవచ్చు. తువ్వాలు కింద మాత్రం అబద్ధం ఆడకూడదు. ఎర్రదొడ్డి సంతలో అది మా తాతల నాటి కట్టుబాటు.

నా పేరు దస్తగిరి. నలభై ఏళ్ళు ఆ సంతలో కొనేవాళ్ళ తరఫున బేరాలు చేశాను. చెయ్యి పట్టుకున్న కాసేపటికే ఎదుటివాడి ఆఖరి మాట నాకు తెలిసిపోయేది. ఇంతకన్నా తగ్గితే ఎద్దును ఇంటికి తోలుకుపోతాడు అనే అంకె ప్రతివాడికీ ఒకటి ఉంటుంది. దాని దగ్గరికి వచ్చేసరికి అరచేతిలో చెమట పడుతుంది, బొటనవేలి మొదట్లో నాడి ఎగురుతుంది. అప్పుడు నేను మూడు ఊపిర్లంతసేపు కదలకుండా ఆగేవాణ్ణి. ఆ మౌనంలో వాడే ఒక మెట్టు దిగేవాడు.

అయితే నాకొక నియమం ఉండేది. పూర్తిగా పిండేవాణ్ణి కాదు. బస్సు చార్జీకి, పిల్లలకు కిలో జిలేబీకి సరిపడా వదిలేవాణ్ణి. దాన్ని దయ అనుకోకండి. జిలేబీ పొట్లంతో ఇంటికి పోయినవాడు మళ్ళీ నా దగ్గరికే వస్తాడు.

నా కూతురు మాబున్నీకి ఈ విద్య నచ్చేది కాదు. కర్నూలులో ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో పని చేసేది. అమ్మేవాడి ఆఖరి మాట దళారికి తెలుస్తున్నప్పుడు, కొనేవాడి ఆఖరి మాట రైతుకు ఎందుకు తెలియకూడదు అని ఆమె ప్రశ్న. రైతు పక్షాన నిలబడే యంత్రం చేస్తానంది. దానికి ముందు యంత్రం విద్య నేర్చుకోవాలి. ఎవరి దగ్గర నేర్చుకోవాలి? నా దగ్గరే.

ఉల్లిపొర అంత పలచని గ్లౌజు ఒకటి తెచ్చింది. దానిలో కంటికి కనిపించని చుక్కలు ఉంటాయట. ఎదుటి చేతి వేడి, చెమట, నాడి, వణుకు అన్నీ అవి చదువుతాయి. నేను రెండేళ్ళు అది తొడుక్కుని బేరాలు చేయాలి. అందుకు పరిశోధనశాల నాకిచ్చిన సొమ్ముతో మా ఇంటికి స్లాబు పడింది. చేతికి కష్టం లేదు, విద్య ఎటూ పోదు, పైగా డబ్బు. నా జీవితంలో ఇంత మేలైన బేరం చేయలేదనుకున్నాను.

గ్లౌజు వేసుకున్న మొదటి వారమే ఓబులేసు అనే రైతు ఒక జత తెచ్చాడు. నా పాత గిరాకీ. తువ్వాలు కింద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

“ఏమప్పా దస్తగిరీ, ఈ పొద్దు నీ చెయ్యి సచ్చిపోయినట్టుండాదే” అన్నాడు.

“ముసలితనం రా” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఓబులేసు కూడా నవ్వి, అరవై అయిదుకు జతను వదిలేశాడు. ఆ మాట విలువ నాకు ఆ రోజు తెలియలేదు.

రెండేళ్ళలో నాలుగు వేల పైచిలుకు బేరాలు ఆ గ్లౌజులోకి వెళ్ళాయి. మాబున్నీ చేసిన యంత్రం నా విద్య నేర్చుకుంది. తరువాత దానికి చెయ్యి కూడా అక్కర్లేకపోయింది. మనిషి ఫోను చూసుకునే తీరు, మాటలో తడబాటు, నెలాఖరున కొనే సరుకులు, మందుల చీటీలు, ఇవి చాలు ఆఖరి మాట లెక్కకట్టడానికి. దానికి ‘ఆఖరి మాట’ అనే పేరు పెట్టారు.

అప్పుడు ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. ప్రజల సొమ్ముతో తయారైన పరిశోధన మూలపడి ఉండకూడదు, మార్కెట్‌లోకి రావాలి అన్నారు. వేలం పెట్టారు. రైతు సంఘాలు వేలంలో నిలబడలేకపోయాయి. ‘సమధర’ అనే కంపెనీ పాడుకుంది. రైతు కోసం చేసిన త్రాసు కొనేవాడి చేతికి, అమ్మేవాడి చేతికి, ఎవడి దగ్గర డబ్బుంటే వాడి చేతికి పోయింది. మాబున్నీ ఉద్యోగం మానేస్తానని రెండు రోజులు అన్నం తినలేదు. చట్టంలో ఏ తప్పూ లేదు. చట్టం రాసినవాళ్ళకు ఇటువంటి సరుకు ఒకటి ఉంటుందనే తెలియదు.

మూడేళ్ళలో ఏమైందో మీకు తెలుసు. దుకాణాల ముందు ధర బోర్డులు పోయాయి. ఒకే బస్సులో పక్కపక్క సీట్లకు రెండు చార్జీలు. ఒకే బడిలో అక్కకొక ఫీజు, చెల్లికొక ఫీజు. ఎవరు ఎంత వరకు ఓర్చుకోగలరో అంతే వారి ధర. సంతలో కూడా తువ్వాలు కప్పేవాళ్ళు తగ్గిపోయారు. కొనేవాడు ఫోను చూసి ఒక అంకె చెబుతాడు, అమ్మేవాడి ముఖం పాలిపోతుంది, పగ్గం చేతులు మారుతుంది. నాకు గిరాకీ పోయింది. వ్యాపారమన్నాక ఒకరోజు పోతుంది, దానికి నేను ఏడవలేదు.

తరువాత మా ఇంటావిడ ఖైరూన్‌బీకి ఆయాసం మొదలైంది.

గుండెలో ఒక కవాటం పాడైందన్నారు. మార్చాలి. పీర్ల పండుగ దాటనివ్వొద్దు అని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. అప్పటికి పండుగ నలభై రోజులు ఉంది. ప్రభుత్వ కార్డు ఆ రకం కవాటానికి వర్తించదు. ఆ ఆపరేషన్ చేసే పెద్ద ఆస్పత్రులు జిల్లాలో రెండు, రెండింటిలోనూ ధర చెప్పేది మనిషి కాదు, ఫోనులో ఒక గొంతు.

ఆ గొంతు పదహారు లక్షలతో మొదలుపెట్టింది. నేను ఏడు అన్నాను. మర్యాదగా నవ్వింది. పదిహేనుకు దిగింది. నేను ఏడున్నర అన్నాను. పద్నాలుగుకు దిగింది. నేను బీద అరుపులు అరిచాను, అవతలి ఆస్పత్రికి పోతానన్నాను, ఫోను పెట్టేస్తున్నానన్నాను. నలభై ఏళ్ళుగా రైతులు నా మీద ప్రయోగించిన ఎత్తులన్నీ నేను ప్రయోగించాను. అప్పుడు ఆ గొంతు ఆగింది. ఒకటి, రెండు, మూడు ఊపిర్లు. ఆ మౌనంలో నా నోటి నుంచి నాకు తెలియకుండానే “పదమూడు” అని వచ్చింది.

“పదమూడు లక్షల అరవై వేలు. మీ కోసం ఇదే ఆఖరి మాట” అంది గొంతు.

ఫోను పెట్టి లెక్క వేశాను. స్లాబు పడిన ఇల్లు, ఎకరంన్నర మెట్ట, నాకు మిగిలిన రెండు జతల ఎద్దులు, ఖైరూన్‌బీ చెవులవి, మెడలోది. అంతా ఈ నెలలో తెగనమ్మితే పదమూడు లక్షల డెబ్బై. ఆ పది వేలు ఎందుకు వదిలింది? అంత బాగా లెక్కగట్టిన యంత్రం ఆ పది వేలు ఎందుకు చూడలేదు?

చూసింది. బస్సు చార్జీకి, కిలో జిలేబీకి వదిలింది.

ఆ మూడు ఊపిర్లు నావి. ఆ జిలేబీ నాది. నా చెయ్యే నా గొంతు పట్టుకుంది.

మరుసటి రోజు మాబున్నీని పిలిపించాను. ఆస్పత్రి గొంతుతో జరిగిన బేరమంతా ఆమె తన కంప్యూటర్‌లో పెట్టి పరీక్షించింది. తల్లి పక్కగదిలో పడుకుని ఉంది.

“నాయనా, ఇది నీ చెయ్యే. కంపెనీవాళ్ళు పైన ఎన్ని పూతలు పూసినా అడుగున ఉన్నది నువ్వే. ఈ పాపం నాది” అంది.

పాపం సంగతి తరువాత చూద్దాం, ముందు దీన్ని వెనక్కి తీసుకోవడానికి దారి ఉందా అని అడిగాను. నేను అమ్మింది నా విద్య ఒక్కటే కాదు, నాలుగు వేల మంది చెమటను కూడా అమ్మాను, అది నా సొత్తు కాదు. సంతలో ఎద్దు యజమాని స్వయంగా పగ్గం అందించకపోతే ఆ అమ్మకం చెల్లదు. ఇక్కడ మాత్రం ఎందుకు చెల్లుతుంది? మాబున్నీ తల అడ్డంగా ఊపింది. న్యాయం నీవైపే ఉన్నా యంత్రం నేర్చుకున్నది మరిచిపోదంది. మజ్జిగలో కలిసిన నీళ్ళను వడగట్టి తీయలేం కదా అంది.

మా మాటలు పక్కగదిలోకి వినిపిస్తూనే ఉన్నాయి. ఖైరూన్‌బీ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడింది. దళారి పెళ్ళాం, తువ్వాలు భాష ఆమెకు నాకంటే బాగా తెలుసు.

“మీ తండ్రీ కూతుళ్ళు ఏందేందో చెప్తాండారు గానీ, నాకొకటి అర్థం కాల్యా” అంది. “తువ్వాలు కింద నువ్వు ఎదుటోని చెయ్యి పట్టుకుంటే, వాడు కూడా నీ చెయ్యి పట్టుకునే ఉంటాడు గదా. నీకెంత ఆత్రముందో వానికీ తెలుస్తాది. మరి ఆ ఆస్పత్రి ఫోనుకు చెయ్యి యాడుంది?”

ఓబులేసు మాట అప్పుడు గుర్తుకొచ్చింది. ఈ పొద్దు నీ చెయ్యి సచ్చిపోయినట్టుండాదే.

గ్లౌజు అతని చెయ్యిని చదివింది. నా చెయ్యిని అతనికి అందకుండా కప్పింది. అంతకు ముందు అన్నేళ్ళూ రైతులు కూడా నా చెమట చదువుతూనే ఉన్నారు. నాకు ఆ జత ఎంత అవసరమో, కొనేవాడు ఎక్కడిదాకా రాగలడో వాళ్ళకూ అందుతూనే ఉంది. అందుకే ఆ బేరాల్లో ఎవరూ చావలేదు. ఉల్లిపొరంత పలచని తొడుగుతో నేను తువ్వాలు కట్టుబాటు తప్పాను, తప్పుతున్నానని తెలియకుండానే.

ఆ రోజుల్లోనే, ఈ మనిషికో ధర సంగతి విచారించమని రాష్ట్ర ప్రభుత్వం వేసిన డేటా కమిషన్ కర్నూలుకు వచ్చింది. పీర్ల పండుగ ఇంకా పంతొమ్మిది రోజులు. మాబున్నీ నా పేరు సాక్షుల్లో రాయించింది. కలెక్టరాఫీసు హాలులో కమిషన్ అధ్యక్షురాలు, రిటైరైన జడ్జి విశాలాక్షి గారు కూర్చున్నారు. ఆవిడ ఏమీ దాచుకోలేదు. మూడు దారులు చూశామనీ, మూడూ మూసుకుపోయాయనీ మొదటే చెప్పారు. ‘ఆఖరి మాట’ను నిషేధిస్తే దేశం బయట యంత్రాలు పెట్టుకుని అదే పని చేస్తారు. అందరికీ ఉచితంగా ఇస్తే ఒకరి ముందొకరు బట్టల్లేకుండా నిలబడ్డట్టవుతుంది. ముందుగా అనుమతి తీసుకోవాలంటే, జనం ఫోనులో ఏది వచ్చినా ‘సరే’ నొక్కేస్తారు. ఆవిడ కూడా నొక్కుతారట. హాలులో నవ్వులు.

కంపెనీ తరఫున హర్షిత్ అనే కుర్రాయన మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. ఉన్నవాడి దగ్గర ఎక్కువ తీసుకుని లేనివాడికి తక్కువకు ఇస్తున్నాం, ఇది ధర్మమే కదా అన్నాడు. ఆ మాటలో కొంత నిజముంది కనుక దానికి జవాబు చెప్పడం కష్టం. ఒక వితంతువుకు ఇదే కవాటం ఆపరేషన్ ఏడు లక్షలకే చేశారట. నేను లేచి, ఆ ఏడు లక్షలు ఇచ్చాక ఆమె దగ్గర ఏం మిగిలింది అని అడిగాను. అతను ఫోను చూసుకున్నాడు. అంకె నాకు తెలుసు. బస్సు చార్జీ.

అప్పుడు నన్ను రమ్మన్నారు. నా తువ్వాలు తీసి హర్షిత్‌ను చెయ్యి ఇమ్మన్నాను. నవ్వుతూ ఇచ్చాడు. పైన కప్పాను.

“అయ్యా, మీకు ఇప్పుడు నా గురించి ఏం తెలుస్తాంది?” అని అడిగాను.

“మీ చెయ్యి చల్లగా ఉంది. వణుకుతోంది.”

“నా పెళ్ళాం బతకాల. అందుకు వణుకుతాంది. మీ చెయ్యి గూడా తడిసింది. ఎందుకో నేను అడగను. కానీ నాకు తెలిసిందని మీకూ తెలిసింది గదా. ఇదే బేరమంటే.”

అతను చెయ్యి లాక్కోబోయాడు. నేను వదలలేదు. ఆ పట్టుతోనే విశాలాక్షి గారికి విన్నవించాను. ఆఖరి మాట యంత్రాన్ని ఆపమని అడగను. దాన్ని నామీద వాడేవాడు తన చెయ్యి కూడా తువ్వాలు కింద పెట్టాలి. వాడు నా ఆఖరి మాట చదివిన క్షణంలోనే వాడి ఆఖరి మాట నా ఫోనులో కనిపించాలి. ఆస్పత్రి నన్ను చదివితే, ఆ ఆపరేషన్‌కు ఆస్పత్రి ఎంతవరకు దిగగలదో నేనూ చదవాలి. చదివించుకోవడం ఇష్టం లేనివాడు చదవడం మానుకుని, పాతకాలంలో లాగా గోడకు బోర్డు కట్టుకోవాలి. దేశం బయటి యంత్రమైనా బేరం ఇక్కడే కుదరాలి కాబట్టి, ఆ అంకె చూపించని బేరం చెల్లదనండి. పగ్గం చేతికివ్వని అమ్మకం ఎట్లా చెల్లదో అట్లా.

హర్షిత్ ఒప్పుకోలేదు. కంపెనీ ఆఖరి మాట వ్యాపార రహస్యమన్నాడు.

“దస్తగిరి గారి ఆఖరి మాట కూడా ఆయన వ్యాపార రహస్యమే కదా?” అన్నారు విశాలాక్షి గారు.

నేను అలవాటు ప్రకారం మూడు ఊపిర్లు ఆగాను. అతను నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని, ప్యాంటుకు తుడుచుకుని కూర్చున్నాడు.

యంత్రానికి ఇది చేతనవుతుందా అని ఆవిడ మాబున్నీని అడిగారు. చేతనవుతుందని నా కూతురు లేచి చెప్పింది. మొదట దాన్ని చేసిందే కొనేవాణ్ణి చదవడానికి, ఆ సగం ఇంకా అందులోనే ఉంది, కంపెనీ దానికి తాళం వేసింది అంతే అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు మూడేళ్ళ తరువాత మొదటిసారి తిన్నగా ఉంది.

కమిషన్‌కు చట్టం చేసే అధికారం లేదు. ప్రయోగంగా మూడు నెలలు ఒక జిల్లాలో అమలు చేయించే అధికారం ఉంది. అయిదో రోజుకు ఉత్తర్వు వచ్చింది. జనం దానికి తువ్వాలు ఉత్తర్వు అని పేరు పెట్టారు. అమలు మరో మూడు రోజులకు. ఆ మూడు రోజులూ నేను ఇంటి పత్రాలు సంచిలో పెట్టుకునే తిరిగాను. వ్యాపారి ఆశ పెట్టుకుంటాడు, కానీ సంచి కింద పెట్టడు.

అమలు రోజు ఉదయం మాబున్నీ, నేను వసారాలో కూర్చుని ఆస్పత్రికి ఫోను చేశాం. ఎప్పటిలాగే గొంతు వచ్చింది. ఖైరూన్‌బీ పేరు చెప్పాను. ధర అడిగాను. గొంతు ఆగింది. మూడు ఊపిర్లు దాటింది, పది దాటింది. ఈ మౌనం నాది కాదు. నా ఆఖరి మాట చదివితే తన ఆఖరి మాట చూపించాలి. అటువైపు ఎవరో ఎక్కడో కూర్చుని లెక్క వేసుకుంటున్నారు.

“ఈ రోజు ధర చెప్పలేకపోతున్నాం. దయచేసి రేపు ఆస్పత్రికి రండి” అంది గొంతు.

వెళ్ళాం. గుమ్మం పక్కన ఇద్దరు పెయింటర్లు నిచ్చెన వేసుకుని ఉన్నారు. గోడకు కొత్త బోర్డు. కవాటం మార్పిడి, ఆరు లక్షల ఎనభై వేలు. అందరికీ. కింద ఇంకా ఆరని రంగు. ఆ వితంతువుకు ఇచ్చిన ‘ధర్మం’ కన్నా ఇరవై వేలు తక్కువ.

నేను బోర్డు ముందు నిలబడిపోయాను. బేరం ఆడడానికి ఏమీ లేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి చెప్పిన ధరకు తల ఊపి డబ్బు కట్టాను. ఎకరంన్నర మెట్ట పోయింది, దానితోపాటు ఖైరూన్‌బీ చెవులవి, మెడలోది. అది తక్కువ నష్టం కాదు. ఇల్లు మిగిలింది. ఎద్దులు మిగిలాయి. అన్నిటికన్నా ముఖ్యం, పండుగ ఇంకా పది రోజులుంది.

జిల్లా అంతటా బోర్డులు లేచాయి. కొందరు యంత్రాన్ని వదల్లేదు, తమ అంకె చూపిస్తూనే బేరాలు చేశారు. అవి బాగానే జరిగాయట. బస్సులో అందరికీ ఒకే చార్జీ అయ్యేసరికి కొందరు పేదలకు అది ఎక్కువైంది, దానికి మళ్ళీ ఏదో సర్దుబాటు చేయాలని కమిషన్ కూర్చుంది. ఏ కట్టుబాటుకూ ఖర్చు లేకుండా ఉండదు. విశాలాక్షి గారు అప్పుడప్పుడు నాకు ఫోను చేస్తారు. మాబున్నీ ఆవిడ దగ్గరే పని చేస్తోంది. గ్లౌజు మాత్రం నా పెట్టెలోనే ఉంది, పారేయలేదు. తప్పు చేసిన పనిముట్టును దాచుకోవాలి. లేకపోతే తప్పు మరిచిపోతాం.

ఆపరేషన్ అయిన మూడో రోజు ఖైరూన్‌బీని వార్డులోకి మార్చారు. ముక్కులో గొట్టం ఉంది, మాట్లాడొద్దన్నారు. నేను మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. దుప్పటి కింద ఆమె చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది. ఏదో అడగాలనుకుంటోంది. కళ్ళతో కిటికీ వైపు చూపించింది, తరువాత తలమీద రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టింది. ఎద్దులు.

దుప్పటి కింద నా వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుంది. ఒకటా? రెండా? ఎన్ని అమ్మావు అని అడుగుతోంది.

నేను పిడికిలి ముడిచాను.

ఆమె నమ్మలేదు. దళారి పెళ్ళాం ఎట్లా నమ్ముతుంది? నా పిడికిలిని మెల్లగా విప్పి, అరచేతిలో బొటనవేలు పెట్టి కాసేపు ఉంచింది. నా చెయ్యి పొడిగా ఉంది. నాడి తిన్నగా కొట్టుకుంటోంది.

చూసుకుంది. నా చెయ్యి వదలకుండానే కళ్ళు మూసుకుని నిద్రపోయింది.